మూలము మారలేదు, మరి యంత్రమున నడచునది ఏది?

1960 ఏప్రిల్ 1వ తేదిన, సరిహద్దు వివాదముపై వెలువడిన పటాస్కరు తీర్పు ననుసరించి, తిరుత్తణి మొదలగు ప్రాంతములు మద్రాసు రాష్ట్రమునకు పోగా, వానికి మారుగా చెంగల్పట్టు జిల్లానుండి వచ్చిన గ్రామములతో సత్యవేడు ప్రాంతము ఆంధ్రప్రదేశ్‌లో చేరినది. ఆ సంవత్సరముననే అమెరికాలో కోబాల్ అను ప్రోగ్రామింగు భాషకు తొలి నిర్దేశగ్రంథము ప్రకటింపబడినది. ఆ రెండింటికిని నడుమ సంబంధమేర్పడునని నాడు ఊహించినవారు ఉండరు. నేడు సత్యవేడు, వరదయ్యపాళెము మండలములలో శ్రీసిటీ అను పారిశ్రామిక నగరము వెలసినది; 2013లో స్థాపితమై జనులచే ట్రిపుల్ ఐటీ అని పిలువబడు విద్యాసంస్థ సత్యవేడు మండలముననే నెలకొన్నది; ఈ సీమలో చదివి చెన్నైకో హైదరాబాదుకో పోయి, తాము పుట్టకపూర్వమే ఎవరో వ్రాసిపోయిన కోబాల్ ప్రోగ్రాములను దూరదేశపు బ్యాంకులకొరకు, బీమా సంస్థలకొరకు కనిపెట్టియుండుటే జీవనోపాధిగా చేసికొన్నవారు కలరు.

అట్టివారికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురుకాక మానని ప్రశ్న ఒకటున్నది. నడిరేయి ఒక బ్యాచ్ జాబ్ ఆగిపోవును. ఎస్ జీరో సీ సెవెన్ అను సంకేతము తెరమీద కనబడును, అనగా అంకె ఉండవలసిన చోట అంకె కానిదేదో యంత్రమునకు తగిలినదని అర్థము. లైబ్రరీలోని మూలమును, అనగా సోర్స్ కోడ్‌ను, తెరచి చూచినచో, ఇరువదియేండ్లుగా దానిని ఎవ్వరును ముట్టలేదని దాని చరిత్రయే చెప్పును. అయినను కంటియెదుట నున్న వాక్యములకును, యంత్రము చేసిన పనికిని పొందిక కుదరదు. ‘సోర్స్ మారలేదు కదా’ అని మేనేజరు అనును. ఆ మాట నిజమే కావచ్చును గాని, అడిగినదానికి అది సమాధానము కాదు. తేలవలసినది ఏమనగా, నేడు యంత్రమున నడచుచున్న రూపము ఈ మూలమునుండియే పుట్టినదా, లేక దీనిని పోలిన మరియొక మూలమునుండి పుట్టినదా అని. వినుటకు చిన్నదిగా తోచు ఈ ప్రశ్న, విచారించినకొలది విస్తరించి, పింఛను లెక్కలనుండి ఓటు పెట్టెవరకు అన్నిటిని తాకును.

యంత్రరూపము పుట్టు విధము

మానవుడు వ్రాసినదానిని యంత్రమునకు తెలియు సంఖ్యలలోనికి మార్చు పనిని యంత్రముచేతనే చేయింపవచ్చునని మొదట చూపినవారిలో గ్రేస్ హాపర్ అగ్రగణ్యురాలు. ఆ మార్పును కంపైల్ చేయుట అనియు, దానిని చేయు సాధనమును కంపైలర్ అనియు అందురు; 1952 నాటి ఆమె ఏ-జీరో ఆ మార్గమున తొలి ప్రయత్నములలో నొకటి. పిదప ఆమె రూపొందించిన ఫ్లో-మాటిక్ భాష, 1959లో అమెరికా ప్రభుత్వ వాణిజ్య ప్రతినిధులు కూడి తలపెట్టిన కోబాల్‌కు ఒరవడియైనది. 1964 ఏప్రిల్ 7న ఐబీఎం సంస్థ సిస్టమ్ 360 అను యంత్రశ్రేణిని ప్రకటించినది. ఒక యంత్రమునకై సిద్ధపరచిన ప్రోగ్రాము ఆ శ్రేణిలోని వేరొక యంత్రముమీద మార్పులేక నడువవలెననునది ఆ శ్రేణికి ప్రాణమైన నియమము. తరువాత వచ్చిన తన మెయిన్‌ఫ్రేముల యందును ఐబీఎం ఆ నియమమును అరువదియేండ్లుగా చాలవరకు నిలుపుకొనుచు వచ్చినది. కావుననే 1970ల నాడు సిద్ధమైన యంత్రరూపము నేటి జెడ్ శ్రేణి యంత్రముమీద సైతము నడువగలుగుచున్నది. వ్యాపారమునకు ఇది వరము; నిజము తేల్చవలసినవానికి ఇదియే చిక్కు. ఏలయన, తిరిగి కంపైల్ చేయవలసిన అగత్యము లేనందున, మూలమునకును యంత్రరూపమునకును గల సంబంధము దశాబ్దములపాటు పరీక్షకు నిలువకయే గడచిపోవును.

మూలపాఠము యంత్రరూపము పొందులోపల పెక్కు చేతులు మారును. ప్రోగ్రాములో డేటాబేసును అడుగు ఎస్‌క్యూఎల్ వాక్యములున్నచో డీబీ2 ప్రీకంపైలర్ వానిని ముందుగా వేరుచేయును; తెరలతో వ్యవహరించు సీఐసీఎస్ ఆజ్ఞలను వేరొక అనువాదకము మార్చును; కాపీ అని వ్రాసిన ప్రతిచోటను కాపీబుక్ అనబడు ఉమ్మడి నిర్వచనములు మరియొక లైబ్రరీనుండి వచ్చి చేరును. అప్పుడు కంపైలర్ ఆబ్జెక్ట్ మాడ్యూల్‌ను సిద్ధపరచును. పూర్వము లింకేజ్ ఎడిటర్ అనియు నేడు బైండర్ అనియు పిలువబడు సాధనము దానికి కావలసిన ఉపప్రోగ్రాములను జతపరచి, లోడ్ మాడ్యూల్‌గా కూర్చి, లోడ్ లైబ్రరీలో నుంచును. ప్రతిరాత్రియు పనిచేయునది ఈ లోడ్ మాడ్యూల్. ప్రోగ్రామరు చదివి అర్థము చేసికొనునది మొదటి మూలపాఠము. ఈ రెండింటి నడుమ గల మెట్లలో దేనియందైనను తేడా దొరలవచ్చును.

తిరుపతి సీమవారికి దీనిని తెలుపుటకు దూరము పోనక్కరలేదు. శ్రీవారి లడ్డూకు దేవస్థానమువారు నిర్ణయించిన కొలతల పట్టికను దిట్టం అందురు. 5,100 లడ్డూలకు శనగపిండి ఇంత, నెయ్యి ఇంత, చక్కెర ఇంత, జీడిపప్పు ఇంత అని అందు నియమింపబడి యుండును. దిట్టం మూలపాఠమైనచో, వంటశాలయైన పోటు కంపైలర్. భక్తుని చేతికందిన లడ్డూ లోడ్ మాడ్యూల్. దిట్టపు కాగితములో అక్షరము మారలేదని ఎంత గట్టిగా నిరూపించినను, చేతిలోని లడ్డూ ఆ దిట్టం ప్రకారమే అయినదని నిరూపించినట్లు కాదు. పోనీ, అదే దిట్టంతో మరల చేయించి పోల్చుదమన్నచో, పాకము పట్టులోనో పొయ్యి వేడిలోనో కొంచెము భేదము వచ్చినను రెండు లడ్డూలు తూకమునకు తూకము సరిపడవు. సరిపడనంతమాత్రమున కల్తీ జరిగినదనియు చెప్పరాదు. సరిపోలినచో ఎంతవరకు నమ్మవచ్చును, సరిపోలనిచో ఎంతవరకు శంకింపవచ్చును అను వివేకమే ఈ విద్యకు సారము.

ఒకే మూలము, వేరు ఫలితములు

ఒకే కోబాల్ మూలమును ఒకే కంపైలర్‌కు రెండుమారులు ఇచ్చినను రెండు ఫలితములు అచ్చముగా ఒకటి కావు. కంపైల్ చేసిన తేదిని, గడియను, కంపైలర్ తన సంచిక సంఖ్యను, వాడిన ఆప్షన్లను ఫలితములోనే పొందుపరచును. కావున ఏమియు మారకున్నను తేదియైనను మారును. ఇది నిరపాయమైన భేదము. కంపైలర్ సంచికయే మారినచో భేదము లోతుగా నుండును. ఐబీఎం 2013లో వెలువరించిన ఎంటర్‌ప్రైజ్ కోబాల్ ఐదవ సంచిక, ఆజ్ఞలను యంత్రమునకు అనుకూలముగా కుదించి అమర్చు భాగమును క్రొత్తగా నిర్మించుకొన్నది. నాలుగవ సంచికతో చేసినదానిని ఐదవ సంచికతో చేసినదానితో ప్రక్కప్రక్కన నిలిపినచో, ఒకే మూలమునకు పుట్టిన రూపములని పోల్చుకొనుటయే కష్టము. సంచిక ఒకటేయైనను, దానిమీద కాలక్రమమున వేసిన పీటీఎఫ్ అను మరమ్మతులు ఫలితమును మార్చవచ్చును.

ఆప్షన్ల మాట ఇంకను సూక్ష్మమైనది. నాలుగంకెల సంఖ్య కొరకు ద్వియాంశరూపమున కేటాయించిన ఒక స్థానమును తలచుకొనుడు. ఆ స్థానమునకు యంత్రమిచ్చు రెండు బైట్లలో 32,767 వరకు సంఖ్య పట్టును. మూలపాఠములో ప్రోగ్రామరు చెప్పినది మాత్రము నాలుగంకెలు. అందులోనికి 12,345 అను మొత్తము వచ్చి పడినదనుకొందము. ట్రంక్ అను ఆప్షన్‌ను స్టాండర్డ్ పద్ధతిలో నుంచి కంపైల్ చేసినచో, నియమము ప్రకారము ఐదవ అంకె కత్తిరింపబడి 2,345 మిగులును. బైనరీ పద్ధతిలో నుంచినచో 12,345 చెక్కుచెదరక నిలుచును. మూలపాఠములో ఒక్క చుక్కయు మారలేదు. పదివేల రూపాయలు మాత్రము మాయమైనవి. మూలము మారలేదన్న వాక్యము నిజమై యుండియు నిరర్థకమగుట ఇట్లు. వాక్యములు మాత్రమే మూలము కావు. అవి ఏ కంపైలర్‌తో, ఏ మరమ్మతులతో, ఏ ఆప్షన్లతో మార్చబడినవో ఆ వివరమంతయు మూలములో భాగమే.

కాపీబుక్ మరియొక దొంగద్వారము. ఖాతాదారు రికార్డులో ఫోను నంబరు కొరకు పది స్థానములు చేర్చి కాపీబుక్‌ను ఎవరో మార్చుదురు. దానిని వాడు నూరు ప్రోగ్రాములలో తొంబదియైదింటిని తిరిగి కంపైల్ చేసి, ఐదింటిని మరచుదురు. ఆ ఐదింటి సోర్స్ ఏమాత్రమును మారలేదు. అయినను నేడు కంపైల్ చేసినచో రాగల రూపము వేరు, నడచుచున్న రూపము వేరు. స్టాటిక్ కాల్ అనునది ఇట్టిదే. ఉపప్రోగ్రాము ప్రతిని ప్రధాన ప్రోగ్రాములోనే బైండర్ కలిపివేయుటచే, పిదప ఉపప్రోగ్రామును ఎన్నిమారులు సరిదిద్దినను, తిరిగి బైండ్ చేయునంతవరకు పాత ప్రతియే లోపల కూర్చుండి పనిచేయుచుండును. వడ్డీ లెక్కించు ఒక చిన్న ఉపప్రోగ్రామునకు ఒకే సంస్థలో, ఒకే రాత్రి, వేర్వేరు మాడ్యూళ్లలో పలు వయస్సుల ప్రతులు నడచుట ఈ వృత్తిలో వింత కాదు.

సాక్ష్యములు దొరకు తావులు

శోధకుడు మొదట చూచునది లోడ్ మాడ్యూల్‌లోనే మిగిలియున్న జాడలను. ఏఎంబీలిస్ట్ అను సాధనమును నడిపినచో, ఐడీఆర్ అనబడు గుర్తింపు వివరములు అచ్చగును: ఏ కంపైలర్, ఏ సంచిక, ఏ తేది, బైండర్ ఎప్పుడు కలిపినది. మూలము చివర మారిన తేది కంపైల్ తేదికి తరువాతిదైనచో వాదమక్కరలేదు. నడచుచున్నది ఆ మూలమునుండి రాలేదు. ముందటిదైనచో మాత్రము, వచ్చియుండవచ్చునని తప్ప వచ్చినదని చెప్పరాదు. తేదులు అబద్ధమును పట్టగలవు గాని నిజమును స్థాపింపజాలవు.

మూలముతో నిమిత్తము లేకుండ యంత్రరూపమునే నేరుగా దిద్దు సాధనమును ఐబీఎం తానే ఇచ్చియున్నది. ఏఎంఏస్పీజాప్ అను ఆ సాధనమును వృత్తిలోనివారు సూపర్‌జాప్ అందురు. అత్యవసరమున, కంపైల్ చేయు వ్యవధి లేనప్పుడు, లోడ్ మాడ్యూల్‌లోని నాలుగు బైట్లను మార్చి గండము గడుపుకొనుట దాని ఉద్దేశము. అట్లు దిద్దినపుడు అది ఐడీఆర్‌లో ఆ విషయమును నమోదు చేయును. ఆడిటరు వెదకవలసిన ముఖ్యమైన జాడ అదియే. అయినను, లైబ్రరీలో వ్రాయు అధికారము గలవాడు ఏ నమోదును మిగులనీయని వేరొక త్రోవను ఎన్నుకొనవచ్చును గనుక, జాడ లేకపోవుటను నిర్దోషిత్వమునకు సాక్ష్యముగా గైకొనరాదు. ఎండెవర్ వంటి మార్పుల నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ను పెట్టుకొన్న సంస్థలలో స్థితి మెరుగు. అది మూలమును తానే భద్రపరచి, కంపైల్‌ను తానే చేయించి, ఫుట్‌ప్రింట్ అను ముద్రను లోడ్ మాడ్యూల్‌లో వేయును. ఏ మూలము, ఎన్నవ సంచిక అను వివరము ఆ ముద్రలో నుండును.

డీబీ2 వాడు ప్రోగ్రాములలో ఇంకొక ఆసక్తికరమైన కట్టుబాటు కలదు. ప్రీకంపైలర్ తాను పనిచేసిన ప్రతిమారును ఒక కాలసంకేతమును కల్పించి, ఒక ప్రతిని ప్రోగ్రాములోను, మరియొక ప్రతిని డీబీఆర్ఎం అను ఎస్‌క్యూఎల్ భాగములోను ఉంచును. నడచునపుడు ఈ రెండును సరిపడవలెను. సరిపడనిచో డీబీ2 పనిని నిలిపివేసి మైనస్ 818 అనియో, ఆ సంకేతము గల ప్యాకేజీయే లేనిచో మైనస్ 805 అనియో చెప్పును. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో మెయిన్‌ఫ్రేమ్ చదివినవారికి ఇంటర్వ్యూ ప్రశ్నలుగా ఈ రెండు సంఖ్యలు కంఠస్థములు. అయితే ఈ పరీక్ష చెప్పునదేమో గమనింపవలెను. ఒకే ప్రీకంపైల్‌లో పుట్టిన రెండు ఫలితములు ఒకదానితో నొకటి పొసగునా అనునంతమాత్రమే అది చూచును. ఆ రెండును ఏ మూలమునుండి వచ్చినవో దానికి తెలియదు.

జాడలు చాలనప్పుడు మిగిలినది పునర్నిర్మాణము. నాటి కంపైలర్ సంచికను, నాటి మరమ్మతులను, మాడ్యూల్‌లో నమోదైన ఆప్షన్లను, ఆ తేదికి అమలులో నున్న కాపీబుక్‌లను సమకూర్చుకొని మూలమును తిరిగి కంపైల్ చేయవలెను; తేదియు గడియయు ఉండు స్థానములను పోలికనుండి తప్పించి, తక్కిన బైట్లను ఒక్కొక్కటిగా సరిచూడవలెను. అన్నియు సరిపోయినచో ఇంతకుమించిన నిరూపణము లేదు. సరిపోనిచో, ఆ భాగమును డిసెంబ్లీ చేసి, అనగా యంత్రసంఖ్యలను తిరిగి ఆజ్ఞలుగా చదివి, భేదము అమరికలోనా అర్థములోనా అని తేల్చవలెను. పాత కంపైలర్ దొరకనిచో ఈ దారియు మూసికొనిపోవును. అప్పుడు క్రొత్తగా కంపైల్ చేసినదానిని పాతదానిని ఒకే ఇన్‌పుట్‌తో సమాంతరముగా నడిపి, వచ్చిన ఫైళ్లను పోల్చుటయే శరణ్యము. కాని సంవత్సరాంతమున మాత్రమే నడచు ఒక శాఖ, ఫిబ్రవరి 29న మాత్రమే మేలుకొను ఒక నియమము, ఆ పరీక్షలో కంటబడకయే పోవచ్చును.

హైదరాబాదు నేర్చిన పాఠము

తెలుగుదేశమున ఈ విద్య పెద్దయెత్తున అక్కరకు వచ్చినది 1990ల ఉత్తరార్ధమున. సంవత్సరమును రెండంకెలతో వ్రాసికొన్న ప్రోగ్రాములు 2000ను 1900గా భ్రమించునను భీతితో పాశ్చాత్య సంస్థలు తమ కోబాల్ సంపుటములను సరిదిద్దించుకొనుటకు మనవారిని ఆశ్రయించినవి. 1987లో హైదరాబాదున స్థాపితమైన సత్యం కంప్యూటర్స్ మొదలుకొని పలు సంస్థలు వైటూకే పనితో పెరిగినవి. 1998 నవంబరులో అక్కడ సైబర్ టవర్స్ అను ఐటీ భవనము ప్రారంభమగునాటికి ఆ పని ఉచ్చదశలో నున్నది.

ఆ పనిలో తొలి అంకము తేదులను వెదకుట కాదు, నడచుచున్న ప్రతి లోడ్ మాడ్యూల్‌కు దాని మూలమేదో గుర్తించుట. కొన్నింటికి మూలమే లేకుండెను. కొన్నింటికి నాలుగైదు ప్రతులుండి, వానిలో ఏది ప్రొడక్షన్‌లోనికి పోయినదో చెప్పగలవారు లేకుండిరి. తప్పు ప్రతిని ఎన్నుకొని, దానిలో తేదులను చక్కగా దిద్ది, కంపైల్ చేసి నిలిపినచో ఏమగును? సంవత్సరము సరియగును, కాని పదేండ్ల క్రిందట ఎవరో సరిచేసిన వడ్డీ లెక్కలోని దోషము పాతప్రతితో కూడ తిరిగివచ్చును. కావుననే, యంత్రరూపమునుండి వెనుకకు నడచి కోబాల్ వాక్యములను పునర్నిర్మించియిచ్చు సేవలు సైతము ఆ దినములలో వెలసినవి. 2000 జనవరి 1 పెద్ద విపత్తు లేకయే గడచినపుడు భయమంతయు వట్టిదని పలువురు పరిహసించిరి; ఆ గడచుటకు ముందు జరిగిన ఈ గుర్తింపు పని అంతయు కంటికి కనబడనిది.

కంపైలరే దోషియైనచో

ఇంతవరకు చెప్పినది ఏమరుపాటువలన కలుగు భేదములను గూర్చి. బుద్ధిపూర్వకమైన వంచన వేరు. నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరులో 1937లో జన్మించిన రాజ్ రెడ్డి 1994లో పొందినందున ట్యూరింగ్ పురస్కారము మన సీమవారికి అపరిచితము కాదు. ఆ పురస్కారమునే 1983కు గాను పొందిన కెన్ థాంప్సన్, 1984లో ప్రకటితమైన తన ఉపన్యాసమున, కంపైలర్‌నే విశ్వాసఘాతుకముగా మలచు విధమును వివరించెను. యూనిక్స్‌లో లోపలికి ప్రవేశమిచ్చు లాగిన్ ప్రోగ్రామును కంపైల్ చేయునపుడు, రహస్యమైన మారుతాళమును తానే చేర్చునట్లు కంపైలర్‌ను దిద్దవచ్చును. ఆ దిద్దుబాటు కంపైలర్ మూలములో కనబడునుగదా అందురేమో. అదే కంపైలర్, తన మూలమును తాను కంపైల్ చేయునపుడు ఆ వంచనను మరల చేర్చునట్లు ఏర్పరచి, పిదప మూలమునుండి దానిని చెరిపివేయవచ్చును. అప్పుడు లాగిన్ మూలము నిర్మలము, కంపైలర్ మూలము నిర్మలము. యంత్రరూపములు రెండును కలుషితములు. తిరిగి కంపైల్ చేసి పోల్చినచో బైటుకు బైటు సరిపోవును కూడ.

ఇది పండితుల ఊహ మాత్రమే కాదని 2020 నిరూపించినది. సోలార్‌విండ్స్ సంస్థ ఓరియన్ సాఫ్ట్‌వేర్‌ను కంపైల్ చేయు సమయమును కనిపెట్టి, ఒక సోర్స్ ఫైలును క్షణకాలము మార్చి, పని ముగియగానే పూర్వరూపమును నిలుపు దుష్ట ప్రోగ్రామును చొరబాటుదారులు అక్కడ నెలకొల్పిరి. భద్రపరచిన మూలమును చదివినవారికి దోషము కనబడలేదు. ఆ సంస్థ అధికార సంతకముతోనే వెలువడిన అప్‌డేట్ సుమారు 18,000 సంస్థలకు చేరినది. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు బయటపెట్టిన, ఎక్స్‌జెడ్ అను ఫైలు కుదింపు సాఫ్ట్‌వేర్ వ్యవహారమునను, అందరును చదువు బహిరంగ మూలమునకును, పంపిణీకై కట్టిన మూటకును భేదముండెను. కంపైల్ సమయమున విషమును లోనికి లాగు స్క్రిప్టు మూటలో మాత్రమే యుండెను.

ప్రతిక్రియలు లేకపోలేదు. డేవిడ్ వీలర్ అను పరిశోధకుడు 2005లో ప్రతిపాదించి 2009 నాటి సిద్ధాంతగ్రంథమున విస్తరించిన పద్ధతి ప్రకారము, శంకింపబడిన కంపైలర్ మూలమును దానితో సంబంధములేని వేరొక కంపైలర్‌తో ముందుగా కంపైల్ చేసి, ఆ ఫలితముతో అదే మూలమును మరల కంపైల్ చేసి, వచ్చినదానిని ఉన్నదానితో పోల్చవలెను. రెండు కంపైలర్లలోను ఒకే వంచన ఉండుట అసంభవప్రాయము గనుక సరిపోలినచో నమ్మవచ్చును. బహిరంగ మూలపు సాఫ్ట్‌వేర్‌ను సమకూర్చు డెబియన్ బృందము 2013నుండి నడుపుచున్న ఉద్యమము మరియొక దిక్కునుండి వచ్చినది: తేదియు గడియయు వంటి ఆకస్మిక భేదములను ముందే తొలగించి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు కంపైల్ చేసినను ఒకే బైట్లు వచ్చునట్లు నిర్మాణ పద్ధతినే తీర్చుట. గణితజ్ఞులు ఇంకను పైకి పోయిరి. ఏ రెండు ప్రోగ్రాములనిచ్చినను వాని అర్థము ఒకటేనా అని తేల్చు సార్వత్రిక పద్ధతి ఉండనేరదని గణితమే నిరూపించినది. అయినను, ఒక మూలమును దాని యంత్రరూపమును ఎదుటనుంచుకొని, ఆ రెండింటికి మాత్రమే సమత్వమును నిరూపించుట సాధ్యమని 1998లో అమీర్ ప్నూలీ ప్రభృతులు చూపిరి. 2013లో ఎస్ఈఎల్4 అను చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌కు అట్టి నిరూపణము పూర్తియైనది. కొన్నివేల పంక్తులకే అది మహాకార్యమైనది. కోట్ల పంక్తుల కోబాల్‌కు దానిని విస్తరింపజేయుట నేటి శక్తికి మించిన పని.

న్యాయస్థానపు గుమ్మమున

మన చట్టము ఈ సమస్యను ఒక కొసనుండి తాకినది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టములోని 65వ సెక్షను, భద్రపరుపవలసిన కంప్యూటర్ సోర్స్ కోడ్‌ను బుద్ధిపూర్వకముగా దాచుటను, నాశనము చేయుటను, మార్చుటను నేరముగా పరిగణించి మూడేండ్లవరకు చెర, రెండు లక్షల రూపాయలవరకు జరిమానా, లేక రెండును విధించుచున్నది. ఒక కంపెనీ సేవకే పరిమితమైన సెల్‌ఫోన్లను వేరొక కంపెనీ సేవకు మరలించుటకై వానిలోని ఎలక్ట్రానిక్ సంఖ్యను మార్చిరను వ్యాజ్యమున, 2005లో హైదరాబాదులోని ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము ఆ సెక్షను క్రింది ఆరోపణను కొట్టివేయ నిరాకరించినది. సెల్‌ఫోన్ కూడ కంప్యూటరే యనియు, అందులో నిక్షిప్తమైన సంకేతమును మార్చుట ఆ సెక్షను పరిధిలోనికి వచ్చుననియు ధర్మాసనము తలచినది. సోర్స్ కోడ్ ఏ రూపమున నున్నను అది సోర్స్ కోడే యను చట్టనిర్వచనమునకు ఆ తీర్పు ఆచరణలో అర్థము కల్పించినది.

ఓటింగ్ యంత్రముల వివాదము ఇంకను సూటియైనది. దేశములోని ఈవీఎంలను నిర్మించు రెండు సంస్థలలో ఒకటి హైదరాబాదులోని ఈసీఐఎల్, మరియొకటి బెంగళూరులోని బీఈఎల్. హైదరాబాదు ఇంజనీరు హరి కె. ప్రసాద్, అలెక్స్ హాల్డర్‌మన్, రాప్ గాంగ్‌గ్రైప్ 2010లో ప్రకటించిన పరిశోధనలో, చిప్‌లో నిక్షేపించిన ప్రోగ్రామును తిరిగి చదివి మూలముతో పోల్చు అవకాశము లేకుండుటను ఒక ఆక్షేపణగా చూపిరి. ప్రోగ్రామును తిరిగి చదువ వీలులేకుండుట దానిని మార్చ వీలులేకుండుటకై చేసిన రక్షణయే యని ఎన్నికల సంఘ పక్షము. రెండు వాదములలోను సత్యమున్నది: మార్పును అడ్డుకొను తలుపే పరీక్షను కూడ అడ్డుకొనును. 2024 ఏప్రిల్ 26న సర్వోన్నత న్యాయస్థానము, కాగితపు ఓటునకు మరలవలెనను కోరికను నిరాకరించుచునే, ఫలితములలో ద్వితీయ తృతీయ స్థానములు పొందిన అభ్యర్థులు లిఖితపూర్వకముగా కోరినచో, ప్రతి శాసనసభ నియోజకవర్గ పరిధిలో ఐదు శాతము యంత్రములలోని బర్న్‌డ్ మెమొరీని నిర్మాణసంస్థల ఇంజనీర్లచే పరీక్షింపించు అవకాశమును కల్పించినది. మాదిరి ఓట్లు వేసి లెక్క సరిపోవుటను చూచుట నడవడిని పరీక్షించుట. చిప్‌లోని బైట్లను ఆమోదిత మూలమునుండి వచ్చిన బైట్లతో పోల్చుట పుట్టుకను పరీక్షించుట. మొదటిది ఎన్నిమారులు చేసినను రెండవదానికి బదులు కానేరదు.

ఈ విచారణయంతయు ఒక్క నిర్ణయమునకు చేర్చుచున్నది. మూలమునకును యంత్రరూపమునకును గల సంబంధము తరువాత కనిపెట్టదగిన వస్తువు కాదు. కంపైల్ జరిగిన నాడే సాక్ష్యముతో సహా కట్టిపెట్టదగినది. కంపైలర్ సంచిక, దాని మరమ్మతులు, ఆప్షన్లు, కాపీబుక్‌లు, కలిపిన ఉపప్రోగ్రాములు, వచ్చిన ఫలితమునకు హాష్ అను గణితసంక్షేపము—ఇవి మూలముతోపాటు ఒకచోట భద్రమైనప్పుడు నలువదియేండ్ల పిదప వచ్చినవాడు కూడ ఒక దినములో నిజము తేల్చగలడు. ఇవి లేనిచో ఎంతటి నిపుణుడును సంభావ్యతనే చెప్పగలడు గాని నిశ్చయమును చెప్పలేడు. పింఛనుకో, భూమి రికార్డునకో, రేషనునకో సాఫ్ట్‌వేర్‌ను కొనిన ప్రభుత్వశాఖ, సోర్స్ కోడ్ మాకు అప్పగించిరని ఫైలులో వ్రాసికొని తృప్తిపడుట చాలదు. దీనిని మా యెదుట, మా యంత్రముమీద తిరిగి కంపైల్ చేసి, నేడు నడచుచున్నదానితో బైటుకు బైటు సరిచూపుడని కాంట్రాక్టరును అడుగవలెను. ఆ షరతును టెండరులోనే వ్రాసినచో అయ్యెడి వ్యయము స్వల్పము. వ్రాయనిచో, ఇరువదియేండ్ల తరువాత ఆ ప్రశ్నను ఏ మూల్యము చెల్లించియు అడుగుటకు వీలుండదు.